వైఫై డబ్బాకు లక్క సీలు

ట్రైనింగ్ ముగించుకుని కొత్తగా స్టేషన్లకు వచ్చిన ఇద్దరు ఎస్సైలు మొన్నామధ్య హిందూపురంలో మా ఇంటికి వచ్చారు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. కాఫీ తాగుతూ ఆ అబ్బాయి ధీమాగా అన్నాడు: "ఇప్పుడు మాకు తేలిక సార్. ఏ ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి పెట్టారో ఆ నంబరు, ఐపీ అడ్రస్, దొరికిందంటే ముద్దాయి దొరికినట్టే."

నాకు నవ్వొచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది. ఎందుకంటే ఆ మాట అచ్చంగా నాదే. రిటైరవడానికి కొన్నేళ్ల ముందు, తల నెరిసిన వయసులో, అదే ధీమాతో నేనొక మంచి మనిషిని జీపెక్కించాను.

ఆ కథ వాళ్లకు చెబితే, "రాసిపెట్టండి సార్, మాలాంటివాళ్లకు పనికొస్తుంది" అంది ఆ అమ్మాయి. మా ఆవిడ వంటింట్లోంచి, "రాయించమ్మా తల్లీ, మాకు చెప్పిందే చెప్పడమన్నా తగ్గుతుంది" అంది. అందుకని కూర్చున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, రివార్డులు ఇందులో ఉండవు. అవి సర్వీసు పుస్తకంలో ఉన్నాయి, దాన్ని తిరగేసే ఓపిక నాకే లేదు.

హిందూపురంలో రూపాయి ఫోను

మాది ఆమడగూరు పక్క పల్లె. నాయన వేరుశనగ రైతు. నేను ఎస్సైగా హిందూపురం వచ్చినప్పుడు సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకి రాలేదు. అంగళ్ల ముందు రూపాయి బిళ్ల వేసి మాట్లాడే ఫోన్లు ఉండేవి. ఒక స్కూలు మాస్టరుకు ఎవరో రోజూ ఫోన్ చేసి బెదిరిస్తున్నారు. ఆరా తీస్తే ఆ కాల్స్ బజారులో ఒక కిరాణా అంగడి ముందున్న ఫోన్ నుంచి వస్తున్నాయని తేలింది. నేను నేరుగా పోయి ఆ కిరాణా ఆయన్ను పట్టుకొచ్చి బల్ల మీద కూర్చోబెట్టాను.

మా హెడ్ కానిస్టేబుల్ నరసింహులు నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. పేరుకు నాకు సెల్యూట్ కొట్టేవాడు, పనికి నాకు గురువు. ఆయన నిదానంగా బీడీ ఆర్పి, "ఏమప్పా ఎస్సై సార్, బావి తవ్వినాయప్పను పట్టుకొస్తివి. ఆ నీళ్లల్లో విషం కలిపినోడు యాడుండాడు?" అన్నాడు.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. కిరాణా ఆయనకు మజ్జిగ తాగించి పంపేశాం. రెండు రోజులు ఆ అంగడి ఎదురుగా నరసింహులు మామూలు బట్టల్లో కూర్చుని, ఫోన్ చేస్తున్నవాణ్ణి చేతిలో రిసీవరుండగానే పట్టుకున్నాడు. వస్తువు ఒకరిది, దాంతో చేసే పని ఇంకొకరిది అని నాకు ఆ రోజే తెలిసింది. తెలిసింది కదా అని గుర్తుంటుందనుకోకండి.

పెనుకొండలో తిట్లు

తర్వాత పెనుకొండ. అక్కడ నాటుసారా కేసొకటి నా చేతగానితనం వల్ల కొట్టుకుపోయింది. సీసాలు పట్టుకున్నాం గానీ, సీలు సరిగా వేయలేదు. కోర్టులో మేజిస్ట్రేటు గారు మూట చేతిలోకి తీసుకుని, సగం ఊడిన దారం పైకెత్తి, "ఇది సాక్ష్యమా, సంత నుంచి తెచ్చిన మూటా?" అని అడిగారు. లాయర్లంతా నవ్వారు. నేను మాత్రం నా బూట్లు చూసుకున్నాను.

ఆ రోజు నుంచి నాకు సీలు పిచ్చి పట్టింది. పట్టుకున్నది ఏదైనా సరే, అక్కడికక్కడే తెల్లగుడ్డలో చుట్టాలి, దారం కట్టాలి, లక్క కరిగించి ముద్ర వేయాలి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించాలి. కానిస్టేబుళ్లు నన్ను వెనక "లక్క సారు" అనేవాళ్లు. నాకు తెలుసు, తెలియనట్టు ఉండేవాణ్ణి. లోపల కాస్త గర్వంగానే ఉండేది.

ఒక తప్పు నుంచి నేర్చుకున్న పాఠమే ఇంకోచోట తప్పు చేయిస్తుందని ట్రైనింగులో ఎవరూ చెప్పరు.

సునీత చెప్పిన పేరు

ఇక అసలు సంగతి. ధర్మవరం పరిసరాల్లో ఒక స్టేషన్, పేరు వద్దులెండి. సునీత అని ఒక ఆరోగ్య కార్యకర్త ఫిర్యాదు తెచ్చింది. చుట్టుపక్కల పల్లెల్లో పసిపిల్లలకు టీకాలు వేసే అమ్మాయి. ఆమె పేరుతో, ఆమె ఫొటోతో ఎవరో దొంగ అకౌంట్ తెరిచి, ఒకే రోజు మూడు పచ్చి బూతు పోస్టులు పెట్టారు. అవి ఆమె తిరిగే పల్లెలన్నిటికీ పాకిపోయాయి.

"టీకాలకు పోతే గడపలో ఆడోళ్లు నన్ను చూసి, మళ్లా ఫోన్ చూసుకుంటాండారు సార్" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది.

ఎవరి మీదైనా అనుమానమా అంటే ఒక పేరు చెప్పింది. చదువు, లైసెన్సు లేకుండా పల్లెల్లో సూదులు వేసే ఒకాయన. ఆయన సూది వేసిన చోట ఒక బాలింతకు చీము పడితే, సునీత పైఆఫీసుకు రాసి పంపింది. నేను ఆ పేరు రాసుకున్నాను. కేసు కట్టాను. ఆ పోస్టులు ఏ కనెక్షన్ నుంచి వచ్చాయో చెప్పమని కంపెనీలకు ఉత్తరాలు పంపాను.

రెండు వారాలకు జవాబు వచ్చింది. కనెక్షన్ ధర్మవరంలో ఓబుళపతి శెట్టి అనే పట్టుచీరల వ్యాపారి పేరు మీద ఉంది. అచ్చుకొట్టిన కాగితం, కింద కంపెనీ ముద్ర. ఆ కాగితం చేతికి రాగానే సునీత చెప్పిన పేరు నా బుర్రలోంచి ఎగిరిపోయింది. మనిషి నోటితో చెప్పిన మాట కంటే మిషను ఇచ్చిన కాగితం మీద మనకు భక్తి ఎక్కువ. ఆ జబ్బు నాకూ ఉండేది.

గుడ్డలో చుట్టిన సాక్ష్యం

ఇలాంటి కేసుల్లో మొదట నోటీసు ఇచ్చి పిలవాలి. నేను జీపు తీసుకునిపోయాను. సోమవారం, నేతగాళ్లు నేసిన చీరలు తెచ్చి అప్పగించే రోజు. అంగడి అరుగు మీద పాతికమంది దాకా ఉన్నారు. లోపల ఓబుళపతి శెట్టి, అరవై ఏళ్ల మనిషి, ఒక చీరను వెలుతురుకు పట్టుకుని అంచు చూస్తున్నారు.

"ఇంటర్నెట్టు నీదేనా?" అన్నాను. నాకంటే పెద్దాయన్ను నీదేనా అన్నాను, అది కూడా రాస్తున్నాను.

"నాదే సార్. రాండి, కూర్చోండి."

"పాస్‌వర్డ్ ఏమిటి?"

"దానికి అదేమీ లేదు సార్. చీర చూసి, మడత పెట్టేలోపల ఈళ్లంతా గంటలు గంటలు కూర్చోల్ల. ఊరికే కూర్చోమంటే యాడ బాగుంటాది? అందుకే ఇడిసిపెట్టినా. డిజైన్ల ఫొటోలు గూడా దాంట్లోనే వస్తాయి వాళ్లకు."

నా చెవికి అది తప్పించుకునే మాటలా వినిపించింది. గోడ మీద తెల్ల డబ్బా, రూటర్, పచ్చలైట్లతో మినుకుమంటోంది. నాకు పెనుకొండ గుర్తొచ్చింది. ప్లగ్గు పీకాను. గుడ్డ, దారం, లక్క, ముద్ర. ఇద్దరు సాక్షుల సంతకాలు. ఏ మేజిస్ట్రేటూ వంక పెట్టలేనంత అందంగా సీలు వేశాను. శెట్టిగారిని జీపులో కూర్చోమన్నాను. ఆయన చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి వచ్చారు. అరుగు మీదివాళ్లంతా లేచి నిలబడి చూశారు.

స్టేషన్లో ఒకటే ప్రశ్న పదిసార్లు అడిగాను: ఫలానా తారీకున మధ్యాహ్నం ఎక్కడున్నావు? ఆయన పదిసార్లూ, "గుర్తుకు రాలేదు సార్" అన్నారు. నాకది ఇంకో సాక్ష్యంలా తోచింది. సాయంత్రానికి, మళ్లీ రమ్మంటే రావాలని చెప్పి పంపాను. సీఐ గారికి ఫోన్ చేస్తే, "ఇంకేం, కనెక్షన్ ఆయనదే, ఎక్కడున్నాడో చెప్పడం లేదు. పొద్దున్నే మొదటి ముద్దాయిగా చూపించి కోర్టులో పెట్టెయ్" అన్నారు. మా సీఐ గారు చెడ్డవారు కాదు. ఆయన మీద పైవాళ్లు, వాళ్ల మీద ఇంకా పైవాళ్లు. సునీత కేసు అప్పటికే పేపర్లో పడింది.

చౌడప్ప లెక్క

మర్నాడు పొద్దున్న కంప్యూటర్ పని తెలిసిన కానిస్టేబులమ్మ జిల్లా ఆఫీసు నుంచి వచ్చింది. నా మూట చూసి, లక్క ముద్ర మీద వేలు పెట్టింది.

"కరెంటు తీసేసినారా సార్?"

"మరి తీయకుండా ఎలా సీలు వేస్తానమ్మా?"

"ఏ ఫోన్లు దీనికి కలిసినాయో ఆ లిస్టు ఈ రకం డబ్బాల్లో కరెంటు ఉన్నంతసేపే ఉంటాది సార్. తీస్తే తుడిచిపెట్టుకుపోతాది. ఆ రోజుది ఉండిందో లేదో ఇంగ ఎవురూ చెప్పలేరు."

అంటే, శెట్టిగారిని కాపాడగలిగిన సాక్ష్యమేదైనా ఉండి ఉంటే, దాన్ని నేను నా చేతులతో చంపి, గుడ్డలో చుట్టి, సీలు వేశాను.

అప్పుడు మా కానిస్టేబుల్ చౌడప్ప గొంతు సవరించుకున్నాడు. మగ్గాల ఇంట్లో పుట్టినవాడు. నిన్నటి నుంచీ ఏదో మింగలేక కక్కలేక ఉన్నాడు.

"సార్, తప్పనుకోవద్దండి. మీరు తారీకు అడిగితే ఆయప్పకు ఏం తెలుస్తాది? మీరు చెప్పిన తారీకు అమావాస్య. అమావాస్యకు మగ్గం ఆడదు, చీరల అంగడి తెరవరు. అట్ల అడగండి."

నిన్ననే ఎందుకు చెప్పలేదురా అంటే, "మీరు లక్క కరిగిస్తాంటే ఎవురు మాట్లాడతారు సార్" అన్నాడు. నిజమే.

శెట్టిగారిని పిలిపించలేదు. చౌడప్ప చేత ఫోన్ చేయించి నేనే అడిగాను, "పోయిన అమావాస్య నాడు ఎక్కడున్నారండీ?" అని. టక్కున చెప్పారు. "హిందూపురంలో సార్, మా అక్కగారింట్లో. అందరమూ పోయింటిమి. అంగడికి తాళం."

"మరి వైఫై?"

"అది మాత్రం ఆపను సార్. నేసేటోళ్లకు తీరిక దొరికేది ఆ పొద్దొక్కటే. బెంగళూరులో ఉండే బిడ్డలతో మాట్లాడుకుంటారని ఇడిసిపెట్టి పోతా."

ప్రపంచంలో ఎక్కడైనా అంగడికి తాళం వేసేవాడు వైఫై కూడా ఆపేసి పోతాడు. ఈయన తాళం వేసి, అది మాత్రం అరుగు మీదివాళ్ల కోసం వదిలి పోయారు. ఆ మంచితనమే ఆయన్ను నా జీపు దాకా తెచ్చింది.

అరుగు మీద

చౌడప్ప, నేను మామూలు బట్టల్లో ఆ అరుగు దగ్గరికి పోయాం. అమావాస్య నాడు ఇక్కడ ఎవరెవరు ఫోన్లు చూశారని అడిగితే, ఒక్కొక్కరూ ఆకాశం వైపు చూశారు. "నాకు ఫోనే లేదు సార్" అన్నాడొకాయన. అంటుండగానే ఆయన జేబులో ఫోన్ మోగింది. నవ్వు ఆపుకోలేక నేను వెనక్కి తిరిగాను. వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. పెద్దాయన్నే జీపెక్కించినవాణ్ణి, వాళ్లను వదులుతానా?

ఆఖరికి మగ్గాలకు పట్టుదారం కండెలు చుట్టే లక్ష్మమ్మవ్వ లేచింది. "నేను చూసినా నాయనా, రాసుకో. మా మనవరాలితో మాట్లాడినా. జైల్లో ఏస్తే ఎయ్యి, ఆడ కండెలు చుట్టే పని ఉంటాదా?" అంది. దాంతో అందరూ నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే, నేనూ, నేనూ అంటూ పేర్లు చెప్పారు.

అవ్వే ఇంకో మాట కూడా చెప్పింది. "ఆ పొద్దు మగ్గం మనిషి కానాయప్ప ఒకడు ఆ మూల కూర్చోనుండె. పగలంతా ఫోన్లోంచి తలెత్తల్యా. నీళ్లు గావాల్నా అని అడిగితే గూడా పలకల్యా. సూదులేసే ఆయప్ప, మా చెల్లెలి ఊరికి వస్తాంటాడు."

సునీత మొదటి రోజే చెప్పింది అతని పేరే.

తర్వాతి పని నిదానంగా నడిచింది. ఆ దొంగ అకౌంట్‌ను ఒకసారి పెనుకొండలో సొంత సిమ్ముతో కూడా తెరిచాడని కంపెనీ నుంచి జవాబు వచ్చింది. అతన్ని పట్టుకున్నాం. కేసు కోర్టులో ఉంది కాబట్టి పేరు రాయను. సునీత మళ్లీ డ్యూటీకి పోయింది. మొదటి వారం చౌడప్ప భార్య ఆమెతోపాటు తోడు తిరిగింది. అది నేను చెప్పలేదు, తనకు తానే పోయింది.

కేసు డైరీలో ఒక పేజీ

వరస తప్పి ముందుకు పోయాను. అరుగు దగ్గర్నుంచి తిరిగి వచ్చిన రోజే నేను చేయవలసిన పని ఒకటుంది. శెట్టిగారిని ముద్దాయిగా ఎందుకు చూపించడం లేదో కేసు డైరీలో రాయాలి. రాస్తే డబ్బా సంగతీ రాయాలి. రూటర్ చూసినా ఏమీ తెలియలేదు అని ఒక్క ముక్క రాసి తప్పించుకోవచ్చు. చాలామంది అదే రాస్తారు. కానీ అలా రాస్తే, ఆయనే చేసి తుడిచేశాడేమో అని రేపు ఎవరైనా అనవచ్చు. కాబట్టి జరిగింది జరిగినట్టు రాశాను: కరెంటు తీసింది నేను, తెలియక తీశాను, అందులో ఏముండిందో ఇక తెలియదు.

సీఐ గారు చదివి కళ్లద్దాలు తీశారు. "ఏమయ్యా, నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటావా? అవతలి లాయరుకు పండగ."

"సార్, ఆ పేజీ లేకపోతే శెట్టిగారి పేరు ఎప్పటికీ సగం అనుమానంలోనే ఉంటుంది."

ఆయన ఆ పేజీ ఇంకోసారి చదివారు. తర్వాత పెన్ను తీసి సంతకం పెట్టి, "రాసినవాడివి కాస్త అర్థమయ్యే అక్షరాల్లోనన్నా రాయి" అన్నారు. సంజాయిషీ అడుగుతూ నాకు మెమో వచ్చింది. ఆయన కూడా పైన తిట్లు తిన్నారని తర్వాత తెలిసింది. నాతో ఏనాడూ అనలేదు. అలాంటి బాస్ దొరికితే ఆయన కోపాన్ని వరంగా తీసుకోండి.

కొత్తగా వచ్చినవాళ్లకు ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో ఆయన ఇంటికి పోవడం మన పని. కానీ అది మొదటి గడప, చివరిది కాదు. వైఫై తెరిచి వదిలేసినంత మాత్రాన దానిమీద ఎవడో చేసిన నేరం ఆయనది కాదు. తెలిసి చేయించాడనో, తెలిసి సాయం చేశాడనో మనం రుజువు చేయాలి. పాస్‌వర్డ్ పెట్టుకోకపోవడం అజాగ్రత్త కావచ్చు. అజాగ్రత్తను నేరంగా మార్చే లక్క మన దగ్గర లేదు. మూగవస్తువు ముందు నిలబడినప్పుడు, దాన్ని ముట్టకముందు తెలిసినవాళ్లను అడగండి. చిన్న కానిస్టేబులైనా సరే.

వైఫై ఇచ్చేవాళ్లకూ ఒక మాట. ఇవ్వండి, మంచిదే. ఒక పాస్‌వర్డ్ పెట్టి, అడిగినవాళ్ల పేరు, నంబరు ఒక పుస్తకంలో రాసుకోండి. ఏదైనా జరిగితే పోలీసులు మొదట కొట్టేది మీ తలుపే.

శెట్టిగారు అడిగింది

కోర్టు ఆ డబ్బా తిరిగి ఇచ్చేయమంది. స్టేషనుకు వచ్చి తీసుకుపొమ్మని ఫోన్ చేశాను. శెట్టిగారు నెమ్మదిగానే మాట్లాడారు.

"వద్దులే సార్. కొత్తది కొనుక్కుంటా."

"మీ తప్పు లేదని కోర్టుకు కూడా రాశాం కదండీ."

"కోర్టుకు రాసినారు సార్. మా వీధికి యాడ రాసినారు? నన్ను తీసుకపోయిన పొద్దు వీధంతా చూసినాది. ఇడిసిపెట్టిన పొద్దు ఆటోలో వస్తి, ఎవురూ చూడల్యా. ముప్ఫై ఏండ్లుగా చీరలిచ్చే మనిషి, మొన్న గడప బయటే నిలబడి ఇచ్చిపాయ."

ఇన్నేళ్ల సర్వీసులో వదిలేసినవాళ్ల గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. వదిలేశాం కదా, అంతే అనుకున్నాను. సిగ్గు వేసింది. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు, పోకూడదు కూడా.

సీఐ గారికి చెప్పాను. "సోమవారం నా జీపు తీసుకుపో, కాస్త కొత్తది. యూనిఫాం ఇస్త్రీ చేయించుకో" అన్నారు.

సోమవారం పదకొండు గంటలకు, అరుగు నిండా జనం ఉన్నప్పుడు, జీపు వీధి మొదట్లోనే ఆపించాను. తెల్లగుడ్డ మూట రెండు చేతులతో పట్టుకుని, ఆ వీధంతా నడిచాను. చౌడప్ప నా వెనక. గడపల్లోకి మనుషులు వచ్చారు. మగ్గాల చప్పుడు ఒక్కొక్క ఇంట్లో ఆగిపోయింది.

అరుగు ముందు నిలబడి టోపీ తీశాను. ఏం మాట్లాడాలో ముందురోజు రాసుకున్నది గుర్తు రాలేదు. "ఈయన ఏ తప్పూ చేయలేదు. తప్పు నాది. అందరి ముందర తీసుకుపోయాను కాబట్టి అందరి ముందరే చెబుతున్నాను" అన్నాను. సీలు తెంపి, డబ్బా ఆయన చేతికిచ్చి, "క్షమించండి శెట్టిగారూ" అన్నాను.

లక్ష్మమ్మవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. చీర గడప బయట ఇచ్చిపోయిన ఆయన కూడా అక్కడే ఉన్నాడట, తర్వాత చౌడప్ప చెప్పాడు.

శెట్టిగారు డబ్బాను పక్కన పెట్టి, నా మోచేయి పట్టుకున్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"సాలు సార్, అందురూ చూసినారు. ఇంగ లోపలికి రాండి" అన్నారు.